మూత తీయనన్న ఒట్టు

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. గ్రహణం రోజు బయటికి రానని సెలవు పెట్టిన తోటి లెక్చరర్‌ని స్టాఫ్ రూములో అందరి ముందూ ఏడిపించిన మనిషిని. పిల్లి ఎదురొచ్చిందని ఎవరైనా వెనక్కి తిరిగితే, నీళ్ళిచ్చి కూర్చోబెట్టడానికి బదులు నాలుగు చివాట్లు పెట్టి మళ్ళీ అదే దారిన పంపిస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని, ఇరవై ఏళ్ళకి దగ్గరగా, మా హాల్లో కళ్ళెదుట ఉన్న ఒక ఇనప పెట్టె మూత విప్పలేదు. స్క్రూడ్రైవర్ లేక కాదు, పని చేతకాకా కాదు. విప్పనని అమ్మ మీద ఒట్టేశాను.

ఆ పెట్టె మా నాన్నగారి ఆంప్లిఫయరు. నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళో ఒక టూరింగ్ టాకీసు మూతపడినప్పుడు, అక్కడ మూలన పడేసి ఉన్న దీన్ని అడిగి, సైకిల్ వెనక గోనెసంచిలో కట్టుకుని తెచ్చుకున్నారు. వాల్వుల రకం. ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తున్నాను: వాల్వు అంటే ఒక గాజు బుడ్డి. లోపల సన్నటి తీగ ఎర్రగా కాలుతుంది. అది బాగా వేడెక్కాక గానీ పాట రాదు. పెట్టె మూతకి జల్లెడలా చిల్లులుంటాయి, వాటిలోంచి ఆ ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. మిగతా వైర్లూ గొడవా అంతా అడుగున, రేకు కింద ఉంటుంది. మూత తీసి, పెట్టెని బోర్లా తిప్పితే తప్ప అదెవరికీ కనపడదు.

నాన్నగారికి ఎవరూ నేర్పలేదు. రాజమండ్రిలో రేడియో రిపేరు షాపుల ముందు నిలబడి, అడిగి, తిట్లు తిని నేర్చుకున్నారు. ఆదివారాలు బల్ల మీద పెట్టె బోర్లించి కూర్చుంటే నేను టార్చి పట్టుకునేదాన్ని. వెలుగు ఎక్కడ పడాలో ఆయన చెప్పేవారు కాదు, ఆయన చూపు ఎటు పోతే అటు తిప్పాలి. నేను అలాగే తిప్పేదాన్ని. మా తమ్ముడు ఆ వాసనకే తల నొప్పని వీధిలోకి పారిపోయేవాడు. టంకం కరిగినప్పుడు వచ్చే ఆ పొగ వాసన ఇప్పటికీ నాకు ఏ సెంటూ ఇవ్వలేని సంతోషాన్నిస్తుంది. నేను ఫిజిక్స్ తీసుకున్నది ఆ బల్ల దగ్గరే అనుకుంటాను.

ఆయనకో పద్ధతి ఉండేది. స్విచ్ వేసి వెళ్ళిపోయేవారు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, పంచె మార్చుకుని వచ్చి అప్పుడు పాట పెట్టేవారు. "దానికి ఊపిరి తీసుకునే టైమివ్వాలమ్మా" అనేవారు. ఇంట్లో ఎవరైనా తొందరపడి ముందే పాట పెడితే ఒప్పుకునేవారు కాదు. ఆయన పోయాక కూడా నేను ఒక్క రోజూ ఆ పద్ధతి తప్పలేదు. స్విచ్ వేసి, కాఫీ పెట్టుకుని, వచ్చి పాట పెట్టేదాన్ని. అదే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది.

ఆయన మంచాన పడ్డాక ఒకరోజు అందరూ ఉండగా చెప్పారు. పొలం, ఇల్లు అబ్బాయివి. ఆంప్లిఫయరు మాత్రం అమ్మాయిది. తమ్ముడు నవ్వి, "ఆ గుదిబండ నాకెందుకు నాన్నా, అక్కనే మొయ్యమను" అన్నాడు. అమ్మ నవ్వలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఎప్పుడో తుడిచేసిన చేతుల్ని అలా తుడుస్తూనే ఉంది.

ఆయన పోయేనాటికి నాకు రెండో కాన్పు దగ్గరపడింది. పెట్టెని వెంటనే తెచ్చుకోవడం కుదరలేదు. అమ్మా తమ్ముడూ తణుకులో ఇల్లు తీసుకుని మారినప్పుడు దాన్ని కూడా వాళ్ళతోనే తీసుకెళ్ళారు. వాడక్కడ ఎరువుల వ్యాపారం పెట్టాడు. పంపించరా అని ఫోన్ చేస్తే, "సర్వీసింగుకిచ్చానక్కా, రాజమండ్రిలో మంచి మెకానిక్కున్నాడు, కొత్తదానిలా చేసి తెస్తాను చూడు" అనేవాడు. పాప పుట్టి, పాకొచ్చే వేళకి నిజంగానే తెచ్చాడు. అప్పటికి మేం పాలకొల్లులో స్థిరపడ్డాం. కారు వెనక సీట్లో దుప్పటి చుట్టి, పక్కన అమ్మని కూర్చోబెట్టుకుని తెచ్చాడు. పెట్టెకి పెయింటు కూడా వేయించాడు. స్విచ్ వేస్తే చిల్లుల్లోంచి అదే ఎర్రటి వెలుగు. కాఫీలు తాగి వచ్చి సన్నాయి పెట్టాను. హాలంతా నిండిపోయింది. నేను ఏడ్చేశాను. తమ్ముడు నా భుజం తట్టాడు. వాణ్ణి అంత ప్రేమగా నేనెప్పుడూ చూడలేదు. ఆ పూట గారెలు వేసి వాడికి తృప్తిగా పెట్టాను.

భోజనాలయ్యాక నాకు ఉండబట్టక, లోపలెలా చేశాడో చూద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాను. అమ్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నని ఇది గోడకి విసిరికొట్టింది గుర్తులేదా? చంటిపిల్లుంది నీకు."

అది నిజమే. ఒకసారి ప్లగ్గు తీసేసి కూడా, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు తగిలి నాన్నగారు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. అమ్మ అప్పుడు పెట్టిన కేక నాకూ గుర్తుంది.

"నేను జాగ్రత్తగా చేస్తానమ్మా, నాకు తెలుసు కదా."

"ఆయనకీ తెలుసు. దాని మూత తీయనని నా మీద ఒట్టెయ్. రిపేరొస్తే తమ్ముడు చూస్తాడు."

నవ్వాను. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా అరచెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. మొగుణ్ణి పోగొట్టుకుని ఏడాదైనా కాని మనిషి. ఆ తల మీద చెయ్యి ఉండగా ఫిజిక్స్ గుర్తుకురాదు. సరే, ఒట్టు, తీయను అన్నాను. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

అక్కణ్ణించి ఆ ఒట్టుతో కాపురం చేశాను. వాల్యూము నాబు తిప్పేటప్పుడు గరగరమంటే, మూత తీయకుండానే ఇరుసు సందులోంచి కొబ్బరినూనె చుక్క వేసేదాన్ని. అది తప్పని, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుందని నాకు తెలుసు. ప్రాక్టికల్సులో పిల్లలెవరైనా అలా చేస్తే రికార్డు పుస్తకం విసిరికొడతాను. అయినా అంతకన్నా చేసే దారి లేదు. పెద్ద రిపేరైతే తమ్ముడు వచ్చి పట్టుకెళ్ళేవాడు, వారానికో పదిరోజులకో తెచ్చేవాడు. మా ఆయన మాత్రం, "ఆమె పిల్లలకి ఓమ్ సూత్రం చెప్తుంది, ఇంట్లో ఒట్టు సూత్రం పాటిస్తుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నేనూ నవ్వేసి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి పాట వినిపించేదాన్ని. వినిపించి ఊరుకునేదాన్నా అంటే, లేదు. వాల్వు గొంతుకి ఒక తడి ఉంటుందనీ, ఇప్పటి బోర్డులవి ఎండిపోయిన గొంతులనీ, చెవి ఉన్నవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుందనీ క్లాసు పీకేదాన్ని. తమ్ముడి పెళ్ళయిన కొత్తలో వాడి మామగారొస్తే ఆయనకీ పీకాను. తమ్ముడు పక్కనే కూర్చుని, "మా అక్క చెవే వేరండి" అన్నాడు.

ఒక వేసవిలో మాత్రం ఒట్టు అంచు దాకా వెళ్ళాను. లోపలెక్కడో ఏదో ఊడి గలగలమంటోంది. తమ్ముడు రేపు మాపు అంటున్నాడు. విసుగెత్తి, మూతకున్న స్క్రూల్లో ఒకటి తీశాను. ఒక్కటే. రెండోదానికి చెయ్యి వెళ్ళలేదు, అలాగే వదిలేసి పడుకున్నాను. పొద్దున్నే ఫోను: అమ్మ స్నానాలగదిలో జారిపడింది, తుంటి విరిగింది. రాజమండ్రి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మత్తు దిగిన అమ్మ మంచం పక్కన కూర్చుని, ఎవరూ లేనప్పుడు, "నావల్లే అమ్మా, స్క్రూ తీశాను" అని చంటిపిల్లలా ఏడ్చాను. అమ్మ నా తల నిమిరింది. "పోనీలే, ఇంకెప్పుడూ ముట్టుకోకు" అంది. ఇంటికొచ్చి ఆ స్క్రూ బిగించేశాను. మా ఆయన గుమ్మంలోంచి చూశారు గానీ, ఆ రోజు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒట్టు మీద జోకులు కూడా మానేశారు.

మొన్న కార్తీకమాసానికి అమ్మ మా ఇంటికొచ్చింది. మాకు గుడి దగ్గర. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్ళొస్తుంది. ఆ మాసంలోనే పెట్టె రొద మొదలుపెట్టింది. పాట వెనకాల గుయ్‌మని ఒకటే మోత. నాకు తెలిసిన పరీక్షలన్నీ బయటినుంచే చేశాను. పాట వచ్చే తీగ పీకి చూశాను, రొద పోలేదు. వాల్యూము పూర్తిగా తగ్గించాను, అయినా పోలేదు. వేరే ప్లగ్గులో పెట్టాను, స్పీకర్లు మార్చాను. అలాంటి రొద లోపలి కరెంటు సరఫరాలోంచే వస్తుంది, కెపాసిటరు ఎండిపోయి ఉంటుంది. ఒక్కటి మారిస్తే చాలు, పావుగంట పని. తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఇంకా ఎన్నాళ్ళక్కా దాన్ని పట్టుకుని. పారేయ్, బ్లూటూత్ స్పీకరొకటి పంపిస్తాను" అన్నాడు.

అమ్మని అడిగాను. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టమ్మా, చిన్న పనే."

"వాడొస్తాడులే."

"రానంటున్నాడు."

"మీ నాన్న పడ్డం చూశాను నేను. నా వల్ల కాదు."

అడిగినప్పుడల్లా అదే మాట. అలాగని రొద భరించేదీ కాదు. విష్ణు సహస్రనామం పెడితే, "ఆ గోలేంటే, తుమ్మెద దూరినట్టు" అని చెవులు మూసుకునేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఈ పెట్టె నాన్నగారు నా చేతుల్లో పెట్టి పోయారు. ఇంతకాలం ఎవరో మెకానిక్కు చేతుల్లో పడేసి, చివరికి దాన్ని చెత్తబుట్టకి పంపడమేనా అని నాలో నేను ఉడికిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం, మా ఆయన భీమవరం వెళ్ళారు. అమ్మ ఫలహారం చేసి పడుకుంది. సరిగ్గా అప్పుడు బల్ల మీద పాత చీర పరిచి, పెట్టె తెచ్చి పెట్టాను. ఒట్టుతో మనుషులు చావరని పిల్లలకి చెప్పినట్టే నాకు నేను చెప్పుకున్నాను. మొదటి స్క్రూ తీశాను. తీసి, లేచి వెళ్ళి అమ్మని చూశాను. ఛాతీ మీద పమిటంచు లేస్తూ పడుతూ ఉంది. వచ్చి రెండోది తీశాను, మళ్ళీ వెళ్ళి చూశాను. నాకే సిగ్గేసింది, అయినా ప్రతి స్క్రూకీ వెళ్ళాను. చివరిది తీసినప్పుడు అమ్మ చిన్నగా గురక పెట్టింది. ఆ గురక విన్నాక గుండె కుదుటపడి మూత ఎత్తాను.

ముందు చేయాల్సింది కెపాసిటర్లలో నిలవున్న కరెంటు దించెయ్యడం. పెట్టె బోర్లించకుండానే, పైనుంచి అందే చోట మీటరు పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేదు. మంచిదే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని సిరీస్ బల్బు మీద పెట్టాను. అంటే కరెంటు ముందు ఒక మామూలు బల్బులోంచి వెళ్ళి ఆ తర్వాతే పెట్టెలోకి వెళ్తుంది. లోపల ఏదైనా కాలితే బల్బు వెలిగిపోయి పెట్టెని కాపాడుతుంది. అది నాన్నగారు నేర్పిందే. స్విచ్ వేసి, అలవాటు ప్రకారం కాఫీ పెట్టుకుని వచ్చాను. వాల్వులు ఎర్రబడి ఉన్నాయి, ఫోనులో సన్నాయి పెట్టాను. పాటతో పాటు రొదా వచ్చింది. పెన్సిలు వెనక రబ్బరుతో ఒక వాల్వుని మెల్లగా తట్టాను. చెడిపోయిన వాల్వుని తడితే స్పీకరులో ఖంగుమంటుంది, మంచిదాన్ని తట్టినా టిక్కుమనైనా అంటుంది. ఏమీ అనలేదు. ఇంకోటి తట్టాను. అదీ అనలేదు. ఏ ఒక్కటీ అనలేదు.

స్విచ్ ఆపి, చల్లారాక, గుడ్డతో పట్టుకుని పెద్ద వాల్వు ఒకటి ఊడదీశాను. ఒకటి తీస్తే పాట సగం చచ్చిపోవాలి. మళ్ళీ స్విచ్ వేశాను. ఈసారి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళలేదు, అక్కడే నిలబడ్డాను. వేసీవేయగానే, తీగలింకా నల్లగా ఉండగానే, సన్నాయి వచ్చేసింది. ఎప్పటిలాగే నిండుగా వచ్చింది. నేను ఆపేసి, ఉన్న వాల్వులన్నీ ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టి, మళ్ళీ వేశాను. ఖాళీ గుంటల మధ్యనుంచి సన్నాయి హాయిగా మోగుతూనే ఉంది.

పెట్టె బోర్లించి చూశాను. నాన్నగారు పొందిగ్గా కట్టిన వైర్లన్నీ కత్తిరించి, చివర్లకి నల్లటేపు చుట్టి ఉన్నాయి. పాటని స్పీకరుకి అందించే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మాడి నల్లగా ఉంది, దాని వైర్లు దేనికీ తగల్లేదు. బరువు కోసం ఉంచారు కాబోలు. ఒక మూలకి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఆకుపచ్చ బోర్డు, దానికో చిప్పు, వేడి లాగడానికి అల్యూమినియం రేకు. పక్కన చిన్న ట్రాన్స్‌ఫార్మరు. టీవీల్లో, టేపు రికార్డర్లలో ఉండే రకం. ఇరవై ఏళ్ళుగా పాడింది ఇదే. వాల్వులకి వెలగడానికి సరిపడా కరెంటు మాత్రం ఇచ్చారు. నాకు కనపడటానికి వెలిగించి ఉంచారు.

నా చెవిలో ఇంత పెద్ద పువ్వు పెట్టుకుని నేను ఊరంతా తిరిగాను. తడి అన్నాను, చెవి అన్నాను, ఎండిపోయిన గొంతులన్నాను. ఏ గొంతుని ఎండిపోయిందన్నానో దాన్నే ఇన్నేళ్ళూ ముద్దు చేశాను. సిగ్గూ కోపమూ ఏది ముందో తెలియలేదు. 

పెరట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేశాను. మూత తీశానని చెప్పాను.  నవ్వాడు.

"ఇన్నాళ్ళకి తీశావా అక్కా."

"ఏం చేశావురా దాన్ని?"

"నాన్న పోయిన ఏడాది వినాయక చవితి పందిట్లో పెట్టాం. హారన్ స్పీకర్ల వైరు ఊడిపోయింది, ఎవరూ చూసుకోలేదు. స్పీకరు లేకుండానే నడిచి పొగొచ్చేసింది. మెకానిక్కు ఇంక అవ్వదన్నాడు. ఏం చెయ్యను?"

"నాకు చెప్పాలి."

"చెప్తే నువ్వూరుకుంటావా? అయినా పాడింది కదా ఇన్నాళ్ళూ. నిజం చెప్పు, నీకు తేడా తెలిసిందా?"

 వాడికి వెటకారం మాటల్లో కాదు, పుట్టుకలో ఉంది. దానికి నేను ఎప్పుడూ అంతకంత తిప్పికొట్టేదాన్ని. ఆ రోజు ముక్కు ఎగబీల్చుకున్నాను.

"సర్లే అక్కా, ఏడవకు. నేను చెప్పేద్దామనే అనుకున్నాను. అమ్మే వద్దంది. అక్కడే ఉందిగా, అడుగు."

ఫోను పెట్టేశాక కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తమ్ముడి మీద కోపం నాకు కొత్త కాదు, అది ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో తెలుసు. అమ్మ పేరు విన్నాక వచ్చిన కోపానికి మాత్రం అలవాటు లేదు. వాడు అబద్ధమాడుతున్నాడేమో అనిపించింది. అబద్ధమైతే బాగుండునని లోపలికి వెళ్ళాను.

అమ్మ లేచి, గోడకి ఆనుకుని, ఒళ్ళో దూది పెట్టుకుని దీపాలకి వత్తులు చేసుకుంటోంది.

"అమ్మా, మూత తీశాను."

తలెత్తలేదు. "ఊఁ. చప్పుడైంది."

"ఒట్టు తప్పానమ్మా. నీకు భయం లేదా?"

"నాకేమవుతుందే." చేతిలో వత్తి పూర్తిచేసి పక్కన పెట్టింది. "వాడితో మాట్లాడావా? కోప్పడ్డావా?"

భయపడాల్సిన మనిషి భయపడకపోతే ఎంత అనుమానమొస్తుందో అప్పుడు తెలిసింది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఎందుకు చేశావని అడిగాను.

"వాడు ఏడ్చాడే. నాన్న ఇచ్చింది కాల్చేశాను, అక్క చంపేస్తుంది అని అన్నం తినలేదు. అప్పటికే నీకూ వాడికీ పడట్లేదు. నువ్వు మూత తీస్తే వాడింటి గడప తొక్కవు. నీ కోపం నాకు తెలీదా. అందుకని ఒట్టేయించుకున్నాను."

"నీ ప్రాణం మీద వేయించుకున్నావమ్మా. నేను నిజంగా నమ్మాను."

"అది అప్పుడే తీసేశానే." అమ్మ నన్ను ఓదార్చే గొంతుతో అంది. "నువ్వు వంటింట్లోకి వెళ్ళావో లేదో, నా కూతురు వేసిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానని దేవుడి ముందు అనుకున్నాను. అది నా మీద లేదు. ఊరికే భయపడకు."

ఆ మాట అర్థం కావడానికి నాకు టైము పట్టింది.

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్తే విప్పేదానివిగా."

"విప్పనని ఒట్టేశాను కదమ్మా. విప్పనని తెలిసినప్పుడు ఆ ఒట్టునెందుకు తీసేసుకున్నావ్?"

"నీ సంగతి నాకు తెలీదా? మీ నాన్న పోలిక. చూడకుండా ఆగలేవు. ఇవాళ కాకపోతే రేపైనా తీసేస్తావనుకున్నాను. తీస్తే నేనేమైపోవాలి? వాడికింకా పెళ్ళి కూడా కాలేదప్పటికి."

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను ఏడ్చాను. నావల్లే పడ్డావని."

అమ్మ దూది సర్దుకుంది. "ఏడ్చావు. అప్పుడు చెప్దామనే అనిపించింది. భయముంటే ముట్టుకోవులే అని ఊరుకున్నాను."

నేను లేచి వచ్చేశాను. అక్కడ కూర్చుంటే ఏమంటానో నాకే తెలియదు. నేను ఆగలేనని ఆవిడ అనుకుంది. నేను ఆగాను. చిన్నప్పటినుంచి నాకున్న ఒకే ఒక్క దురద, పెట్టె తెరిచి లోపల చూడటం. దాన్ని ఆవిడ కోసం ఇరవై ఏళ్ళు చంపుకున్నాను. అదంతా నమ్మకం కింద జమ కట్టానని నేననుకుంటుంటే, మొదటి రోజే ఆవిడ నన్ను నమ్మకుండా తన ప్రాణాన్ని ఆ ఒట్టులోంచి తీసి జాగ్రత్త చేసుకుంది. భయం మాత్రం నా దగ్గర వదిలేసింది. తుంటి విరిగిన నేరం కూడా నా దగ్గరే వదిలేసింది. తమ్ముడు నా పెట్టెని మాత్రమే ఖాళీ చేశాడు. అమ్మ చేసిన పనికి నాకు పేరు కూడా దొరకలేదు.

బల్ల దగ్గరికి వచ్చాను. బోర్డు మీద కెపాసిటరు తల ఉబ్బి పూరీలా పొంగి ఉంది. రొద దానిదే. పనికిరాని ఒక పాత ఎమర్జెన్సీ లైట్లోంచి సరిపడే కెపాసిటరు ఊడదీశాను. ప్లస్సూ మైనస్సూ చూసుకుని, ఉబ్బినదాన్ని తీసి ఇది అతికించాను. టంకం పొగ కళ్ళలోకి వచ్చింది. ఎందుకు బాగుచేస్తున్నానో తెలియదు. తెరిచి ఉన్న పనిని అలా వదిలెయ్యడం చేతకాదు, అంతే. స్విచ్ వేస్తే రొద లేదు. సన్నాయి శుభ్రంగా, వెనక ఏ మరకా లేకుండా వచ్చింది. వాల్వుల గుంటలు ఖాళీగానే ఉన్నాయి. చాలా బాగుంది పాట. బాగున్నందుకే ఇంకా మండింది.

పాట విని అమ్మ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చింది. కుర్చీలో కూర్చుని, "చూశావా, బాగైపోయింది" అంది. నేను ఆపేశాను. అమ్మ నా ముఖంలోకి చూసింది.

"వాడితో మాట్లాడ్డం మానేస్తావా?"

"తెలియదమ్మా."

"అలాక్కాదే. నేను పోయాక వాడికి నువ్వే దిక్కు. నీకూ వాడే." ముందుకి వంగి నా చెయ్యి అందుకుంది. టంకం పట్టుకున్న వేళ్ళింకా వెచ్చగానే ఉన్నాయి. లాగి తన నెత్తిన పెట్టుకుంది. "తమ్ముడితో గొడవ పెట్టుకోనని నా మీద ఒట్టెయ్."

జుట్టు పలచబడిపోయింది. అరచేతి కింద తల వెచ్చగా, చిన్నగా, అటూ ఇటూ కదులుతూ ఉంది. నా చెయ్యి అప్పటికే ఒప్పేసుకుంది. ఆ తల మీద ఉంటే చాలు, దానికదే సరే అనేస్తుంది. నోట్లోకి మాట వచ్చేసింది కూడా.

"వేస్తే, నేనటు వెళ్ళగానే మళ్ళీ తీసేసుకుంటావా?" అని అడిగాను.

అమ్మ నా చేతిని ఇంకాస్త గట్టిగా తలకి అదుముకుంది. తీసుకోనంటుందేమోనని చూశాను. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మూత తీశానని చెప్పినప్పుడు రాని భయం అప్పుడొచ్చింది ఆవిడ ముఖంలోకి.